ముందు మెట్లు, వెనక గుమ్మం

ఇప్పుడు నేను ఇంట్లో చేతికర్రతో నడుస్తున్నాను. బయటికి వెళ్తే చక్రాల కుర్చీలో వెళ్తున్నాను. ఈ రెండు మాటలూ ఇంత మామూలుగా రాయగలిగే రోజు వస్తుందని ఒకప్పుడు నాకు నమ్మకం లేదు. నమ్మకాలంటే నాకు మొదటి నుంచీ గౌరవం లేదు కాబట్టి ఆ లోటు పెద్దగా తెలియలేదు.

జబ్బు గురించి రాయమని అడిగిన మిత్రులు, "ధైర్యం ఎలా నిలబెట్టుకున్నారో రాయండి, నలుగురికీ ఉపయోగం" అన్నారు. ధైర్యం గురించి నాకు తెలిసింది తక్కువ. చాలా రోజులు అది లేకుండానే గడిపాను. నాకు తెలిసిందల్లా, మనిషికి కాళ్ళు పడిపోయాక చుట్టూ ఉన్న మంచివాళ్ళు ఎలా మారతారో, వాళ్ళ మంచితనంతో ఎంత పోట్లాడాల్సి వస్తుందో. చెడుతో పోట్లాట నాకు అలవాటే. ఇన్నేళ్ళ వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో చేసిందంతా అదే. మంచితో పోట్లాడడం ఈ జబ్బుతోనే నేర్చుకున్నాను.

2010 డిసెంబర్

మేం వలస వచ్చి స్థిరపడ్డ నోవైలో ఆ ఏడు మంచు ముందే మొదలైంది. అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉంటే, బూట్లు పాతబడి చలి లోపలికి వస్తోందనుకున్నాను. కొత్త బూట్లు కొన్నాను. చీమలు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఒక ఉదయం ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపి, కాలు బయటపెట్టి లేవబోతే, లేవాలన్న ఆలోచన నాలోనే ఉండిపోయింది, కాళ్ళకి అందలేదు. తలుపు తెరిచి ఉంది. మంచు ఒళ్ళో పడుతోంది. నా భర్త మురళికి ఫోన్ చేశాను. అతను వచ్చేదాకా మా ఆఫీస్ సెక్యూరిటీ గార్డ్ ఒకామె తన కోటు విప్పి నా మోకాళ్ళ మీద కప్పి, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు సరిగ్గా చల్లడం లేదని ఊళ్ళోవాళ్ళని తిడుతూ నిలబడింది. భయపడకు అని ఒక్కసారి కూడా అనలేదు. అందుకే భయం కాస్త తగ్గింది.

ఒంటిని కాపాడాల్సిన సైన్యమే పొరబడి సొంత నరాల మీద పడిందని, చాలామందిలో ఇది వెనక్కి తగ్గుతుందని, నాలో ఎంత తగ్గుతుందో చెప్పలేనని డాక్టర్ చెప్పింది. అంతకు మించి వైద్యం గురించి రాయను. నాకు తెలిసిన భయం ఒక్కటే: ఈ తిమ్మిరి పైకి ఎక్కుతోంది, ఊపిరి దగ్గరికి వచ్చేలోపు ఆగుతుందా?

ఆగింది. మా పక్క వీధిలో ఉండే స్నేహితురాలు సుజాత ఆ వారం గుళ్ళో అభిషేకం చేయించిందని తర్వాత తెలిసింది. అభిషేకాలు లేనివాళ్ళకి కూడా చాలామందికి ఆగుతుందని ఆమెకి చెప్పాను.

"అయితే మంచిదే కదా, వాళ్ళకీ ఆగింది" అంది.

ఆస్పత్రిలో స్కానింగ్‌కి పిలిచేదాకా ఒక పొడుగాటి వరండాలో ఉంచేవాళ్ళు. నేను స్ట్రెచర్ మీద, మురళి పక్కన కుర్చీలో. గోడ మీద టీవీలో ఎవరో కేకులు చేస్తుండేవాళ్ళు. ఒకరోజు నర్స్ వచ్చి మురళిని అడిగింది: "ఆవిడకి నొప్పి ఉందా?"

"నో నో, షి ఈజ్ ఫైన్" అన్నాడు మురళి.

"మురళీ, నడుం విరిగిపోతోంది."

"అంటే... కొంచెం ఉందట" అని నర్స్‌తో సర్దాడు.

నొప్పి నాది, జవాబు అతనిది. అతన్ని తప్పు పట్టలేను. భయపడిన మనిషి అంతా బాగానే ఉందని ఎవరో ఒకరితో అనాలి. ఆ రోజు నర్స్ దొరికింది. కానీ ఆ అలవాటు అక్కడితో ఆగలేదు. నాకు చలిగా ఉందో లేదో, ఆకలేస్తోందో లేదో, ఎవరిని చూడాలని ఉందో అన్నీ మురళినే అడిగేవాళ్ళు. అతను ఓపిగ్గా చెప్పేవాడు. చాలావరకు తప్పు చెప్పేవాడు.

2011 ఫిబ్రవరి

ఇంటికి తెచ్చారు. కింద హాల్లోకి మంచం దించారు. ఫోన్లు మొదలయ్యాయి. మురళి వైపు పెద్దావిడ ఒకరు షామ్‌బర్గ్ నుంచి చేశారు.

"ఏ జన్మలో ఏం చేసుకున్నామో తల్లీ, అనుభవించాలి."

"ఆస్పత్రిలో నా పక్క గదిలో ఇంకా మాటలు రాని పాప ఉండేది ఆంటీ. అదే జబ్బు. ఆ పాప ఏం చేసుకుందో చెప్పండి, నా సంగతి తర్వాత చూద్దాం."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. వారం తిరక్కుండా ఎవరితోనో గోంగూర పచ్చడి పంపించారు. గోంగూర పచ్చడితో వాదించడం నా వల్ల కాలేదు.

ఆవిడ మంచావిడే. కానీ ఆ మాట మంచిది కాదు. మనిషి కాళ్ళు పడిపోవడం కర్మ అన్నాక, ఆ మనిషి కోసం ర్యాంపు కట్టాల్సిన పని ఎవరికీ ఉండదు. మనం చేయాల్సిన పనిని పోయిన జన్మ నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడానికి ఇంతకన్నా తేలికైన ఏర్పాటు ఇంకొకటి లేదు. ఇది నేను కాళ్ళున్న రోజుల్లో వేదికల మీద చెప్పాను. మంచం మీద పడుకుని చెప్తే ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అంతే తేడా.

సుజాత మాత్రం రోజూ వచ్చేది. మొదటి రోజు చిన్న విభూతి పొట్లం తెచ్చింది.

"నీకు నమ్మకం లేదని తెలుసు వసుధా. నాకుంది కదా, దిండు కింద పెట్టి పోతాను."

"దిండు నాది."

"సరే, అయితే పప్పుచారు తీసుకో. దానికి నమ్మకం అక్కర్లేదు."

ఒక మధ్యాహ్నం నా జుట్టు అట్టకట్టి ఉండడం చూసింది. "తల రుద్దనా?" అని అడిగింది. ఊఁ అన్నాక మంచం చివర ప్లాస్టిక్ షీట్ పరిచి, బకెట్ పెట్టి, మొదటి చెంబు పోసే ముందు నా మణికట్టు మీద కొన్ని నీళ్ళు పోసింది. "వేడి సరిపోయిందా? వెనక నుంచి మొదలెట్టనా, ముందు నుంచా?" నాకు ఏడుపొచ్చింది. నీళ్ళు కళ్ళల్లో పడ్డాయేమోనని ఆమె కంగారు పడింది. నా ఒంటిని ఎటు తిప్పాలో ఇంకొకళ్ళు నన్ను అడిగి చాలా రోజులైందని ఆమెకి ఎలా చెప్పను?

2011 మే

కుర్చీలోకి ఒంటరిగా జరగడం నేర్చుకున్నాను. చేతులకి బలం వచ్చింది. కానీ ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదు. మాల్‌లో ఒకసారి కౌంటర్ దగ్గర అబ్బాయి నా తల మీదుగా మురళిని చూసి, ఆవిడకి ఏ సైజు కావాలని అడిగాడు. మురళి చెప్పాడు. అదీ తప్పే. ఆ తర్వాత వెళ్ళడం మానేశాను.

మా అమ్మాయి శ్రావ్య ఆ రోజు కార్లో వెనక సీట్లోంచి, "అమ్మా, నువ్వు టాక్ చేయొచ్చు కదా? నీ వాయిస్‌కి ఏం కాలేదు" అంది.

"నాన్న చెప్తున్నారుగా."

"యా, దట్స్ ద ప్రాబ్లమ్."

మురళి ఇంటికొచ్చాక వంటగదిలో గిన్నెలు అవసరమైన దానికంటే గట్టిగా కడిగాడు. ఆ నెలల్లో మేం ఒకరినొకరు తిట్టుకోలేదు. తిట్టుకుని ఉంటే బాగుండేది.

అప్పుడే రత్నాకర్ ఫోన్ చేశాడు. మా చర్చావేదిక నడిపేది అతనే. దేవుడు, కులం, పెళ్ళి, చదువు, ఏదైనా సరే, నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో కూర్చుని గొంతు చించుకునే పది పన్నెండు తెలుగు కుటుంబాలు. వేసవిలో ఒకసారి బయట ఎక్కడైనా పెద్ద సమావేశం.

"అక్కా, జూలైలో కోటలో పెడుతున్నాం. పెళ్ళికి పురోహితుడు అవసరమా అనేది టాపిక్. మొదట మాట్లాడేది నువ్వే."

"జాలితో పిలుస్తున్నావా?"

"పోయినేడు నా వాదన ముక్కలు ముక్కలు చేశావు. నీ మీద నాకు జాలెందుకు?"

మురళి ఈసారికి వద్దన్నాడు. నేను వెళ్తానన్నాను. నాకు కోట కాదు కావాల్సింది. మనుషుల మధ్యకి ఒక వాదనతో వెళ్ళే వసుధ ఇంకా ఉందా, లేక ఇకనుంచి అందరూ పలకరించి, దుప్పటి సర్ది, పక్కన కూర్చోబెట్టే మనిషినా? ఆ జవాబు ఆ హాల్లోనే దొరుకుతుందనిపించింది. మురళికీ అదే అనిపించిందేమో, అందుకే వద్దన్నాడు.

2011 జూలై

అది వందేళ్ళ నాటి రాతి భవనం. అడవులు కొట్టి డబ్బు చేసుకున్న ఒక కలప వ్యాపారి, యూరప్‌లో చూసినటువంటి కోట తనకీ కావాలని కట్టించుకున్నాడట. బురుజులు, గులాబీ తోటలు, తామర కొలను. కింది హాల్లో చిన్న సమావేశాలకి చోటిస్తారు. ముందు వైపు వెడల్పాటి రాతి మెట్లు.

దారిలో మురళిని అడిగాను: "కుర్చీ సంగతి ఫోన్ చేసి చెప్పావా?"

"ఇంతమందిమి ఉన్నాం, వాళ్ళకెందుకు చెప్పడం? నేను చూసుకుంటాను కదా."

ఇది మనవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. ఇండియా టికెట్ల కోసం నాలుగు ఏజెన్సీలకి ఫోన్ చేస్తాం. ఇంట్లో ఒకరు కుర్చీలో ఉన్నారని ముక్కూమొహం తెలియని మనిషికి ఫోన్‌లో చెప్పడానికి మాత్రం నోరు రాదు. అడిగితే చిన్నతనం, పదిమందీ కలిసి ఎత్తుకుపోతే గొప్ప. మన రైళ్ళలో, ఆఫీసుల్లో, కల్యాణ మండపాల్లో ర్యాంపు లేని ప్రతిచోటా ఎత్తి దాటించే మేనమామ ఒకడు ఉంటాడు. అందుకే ర్యాంపు రాలేదు.

కారు దిగి కుర్చీలోకి జరిగాను. మావాళ్ళంతా చుట్టూ చేరారు. నవ్వులు, పలకరింపులు. నాకు ప్రాణం లేచొచ్చింది. మెట్ల దగ్గరికి రాగానే వరంగల్ శ్రీనివాస్ చొక్కా చేతులు మడిచాడు.

"ఏం పరేషాన్ గాకు వదినా, మేమున్నం గద. పెళ్ళిపిల్లను బుట్టల తెచ్చినట్టు తీస్కపోతం."

బుట్ట వద్దనే నేను రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నాను. ఆ మాట అనేలోపే ముందు ఇద్దరు, వెనక ఇద్దరు పట్టేశారు. వెనక ఒకడు మురళి, ఒకడు రత్నాకర్. కుర్చీ వెనక్కి వాలింది. నాకు ఆకాశమూ బురుజు అంచూ తప్ప ఏమీ కనపడలేదు. పైనుంచి దిగుతున్న టూరిస్టులు పక్కకి ఒదిగి, చర్చిలో నవ్వినట్టు భక్తిగా నవ్వారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. నేను ఉత్సవ విగ్రహాన్ని అయిపోయాను. ఎంత ముస్తాబు చేసినా, ఎక్కడికి మోసుకెళ్ళినా నోరెత్తనిది అదొక్కటే.

"దించండి!"

"పడనియ్యం వదినా."

"పడతానని కాదు. నన్నెవరూ అడగలేదు. దించండి!"

దించారు. శ్రీనివాస్ ముఖం చూడలేకపోయాను. మురళి వంగి మెల్లగా, "ప్రేమతో చేశారు వసూ. అందరి ముందూ అలా అరవాలా?" అన్నాడు.

"ఎత్తింది అందరి ముందే కదా. నొప్పి ఉందా లేదా నువ్వే చెప్తావు, బట్టల సైజు నువ్వే చెప్తావు, ఇప్పుడు నేను ఎటు నుంచి వెళ్ళాలో కూడా నువ్వేనా?"

"నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు? ఆస్పత్రిలో నీ గొంతు పోతుందేమోనని నేను ఎన్ని..." అని ఆగిపోయాడు. డిసెంబర్ నుంచి మురళి కళ్ళల్లో నీళ్ళు నేను చూడడం అదే మొదటిసారి.

అప్పుడు నాకు రెండు విషయాలు తెలిశాయి. మొదటిది, అతను నా బదులు మాట్లాడుతున్నది నా మీద పెత్తనం కోసం కాదు. నేనిక మాట్లాడలేకపోతే ఎలా బతకాలో అప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాడు. రెండోది నా అహానికి తగిలింది. ఆ నలుగురిలో దేవుణ్ణి నమ్మేవాళ్ళు లేరు. ప్రతి మాటకీ రుజువు అడిగేవాళ్ళే. నన్ను మాత్రం అడగలేదు. విభూతి పొట్లం తెచ్చిన సుజాత చెంబుడు నీళ్ళు పోయడానికి అడిగింది. హేతువాదం వస్తే ఎదుటి మనిషిని మనిషిగా చూడడం దానంతటదే వస్తుందని ఇన్నాళ్ళూ రాశాను. రాదు. దాన్ని విడిగా నేర్చుకోవాలి, ఎవరి దగ్గరైనా సరే.

ఇంతలో కోట ఉద్యోగిని ఒకామె మెట్లు దిగి వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో బ్యాడ్జ్. సందర్శకులని మోసుకెళ్ళడం ఇక్కడ కుదరదని చెప్పి, మురళి వైపు తిరిగి, "ఆవిడ కొన్ని మెట్లయినా ఎక్కగలరా?" అని అడిగింది.

మురళి నోరు తెరిచాడు. మూశాడు. "ఆవిడనే అడగండి" అన్నాడు.

ఆమె ఎర్రబడి, మోకాళ్ళ మీద వంగి నాతో మాట్లాడింది. పక్కగా ఇటుక బాట ఉంది, వెనక పాత వంటింటి గుమ్మం ఉంది, అక్కడ మెట్లు లేవు, అక్కడి నుంచి హాల్లోకి రావచ్చు. కొలను దాకా కుర్చీ పోతుంది, గులాబీ తోటలో గులకరాళ్ళు, అక్కడ కష్టం. పై అంతస్తులకి దారి లేదు, ఫొటోలు చూపిస్తాం. ముందే ఫోన్ చేసి ఉంటే గేటు దగ్గరే కలిసేవాళ్ళం. ముందు మెట్లు మాత్రం చారిత్రక కట్టడం, ముట్టుకోకూడదు.

"ఈ కోటలో కరెంటు వైర్లు, ఫైర్ అలారాలు, గుర్రాల కొట్టంలో గిఫ్ట్ షాపు కూడా పెట్టారు కదా. అప్పుడు చరిత్ర ఏమీ అనలేదా? చక్రం కనపడగానే దానికి కోపమొచ్చిందా?" అన్నాను.

ఆమె వాదించలేదు. "మా అమ్మ కూడా ఇదే అడిగింది" అంది. "మీరు పైవాళ్ళకి చెప్తే నాకు సంతోషం. నేను చెప్తే ఉద్యోగివి, నీకెందుకు అంటారు."

అయినా నా మనసు ఒప్పలేదు. వంటింటి గుమ్మం అంటే ఆ వ్యాపారి రోజుల్లో బొగ్గు బస్తాలు, పాల క్యాన్లు, పనివాళ్ళు వచ్చిన దారి. ఎవరిని ముందు నుంచి రానిచ్చారు, ఎవరిని వెనక నిలబెట్టారు అనేదాని మీదే నా సగం జీవితం గడిచింది. "వెనక నుంచి నేను రాను. ఇక్కడే పచ్చికలో మాట్లాడతాను. వినేవాళ్ళు వినండి" అన్నాను.

రత్నాకర్ నా కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, వెనక గుమ్మం సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. మా నాయన జీవితమంతా పెద్దకులాలోళ్ళ ఇళ్ళ పెరటి వైపు నిలబడే పిలిచాడు. ఆయన్ని ముందుకి రావద్దన్నారు. నిన్నెవరూ రావద్దనలేదు. కట్టినోడికి నువ్వసలు గుర్తు రాలేదు. రెండూ ఒకటి కావు."

"రెండూ అన్యాయమే కదరా."

"అన్యాయమే. అందుకే లోపలికెళ్ళి తిట్టు. ఇక్కడ కూర్చుంటే మెట్లకి వినపడుద్దా? ఎత్తినోళ్ళలో నేనూ ఉన్నా. అడగాల్సింది. సారీ." లేచి, "నువ్వు పచ్చికలో అంటే కుర్చీలన్నీ ఇక్కడికే మోసుకొస్తాం. నీ ఇష్టం" అన్నాడు.

నీ ఇష్టం. ఆ మాట విన్నాక కోపం మీద ఉన్న పట్టు జారింది. మనుషుల చేతుల్లో ముందు నుంచి వెళ్ళాలా, నా చక్రాల మీద వెనక నుంచి వెళ్ళాలా? రెండూ నాకు తగినవి కావు. కానీ ఒకదాంట్లో నేను సామాన్ని, ఒకదాంట్లో మనిషిని. మనిషిగా వెళ్తే లోపల పోట్లాడొచ్చు.

ఆ తర్వాతి వేసవిలో కూడా అక్కడికి వెళ్ళాం. ముందు మెట్లు అలాగే ఉన్నాయి. పక్క దారి చూపించే బోర్డు మాత్రం గేటు దగ్గరే పెట్టారు. నేను పెట్టిన గొడవకో, ఇంకెవరో పెట్టినదానికో తెలియదు. ఇలాంటి రోజుల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువ. ముందే ఫోన్ చేసి చెప్పండి, అది బిచ్చం కాదు. మిమ్మల్ని ప్రేమించేవాళ్ళ మీద అరవాల్సి వస్తే అరవండి, ఆపైన కలిసే భోంచేయండి. శ్రీనివాస్ ఆ రోజు పులిహోర వడ్డిస్తూ, "ఇంకొంచెం వెయ్యాల్నా వదినా, లేక దీనిక్కూడా పర్మిషన్ గావాల్నా?" అన్నాడు. కావాలన్నాను. వేశాడు.

కానీ అది భోజనాల దగ్గరి మాట. అంతకుముందు, అందరూ ముందు మెట్లెక్కి హాల్లోకి వెళ్ళారు. నేనూ మురళీ ఇటుక బాట వెంట వెనక్కి వెళ్ళాం. అతని చేతులు అలవాటుగా పిడుల మీదికి వచ్చాయి. నేను తోసుకుంటానన్నాను. తీసేశాడు. బాట చివర వంటింటి తలుపు తీసే ఉంది. మెట్లు లేవు గానీ, అరిగిన రాతి గడప ఒకటి ఉంది. చక్రాలు దానికి తగిలి ఆగాయి. వెనక్కి జరిగి మళ్ళీ వచ్చాను. ఎక్కలేదు. ఇంకాస్త వేగంగా వచ్చాను. కుర్చీ కదిలి పక్కకి తిరిగింది, అంతే. లోపలి నుంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మురళి నా వెనకే ఉన్నాడు. ఊపిరి వినపడేంత దగ్గరగా. చేయి వేయలేదు. మాట్లాడలేదు. అలా నిలబడడం అతనికి ఎంత కష్టమో నాకు తెలుసు.

"మురళీ, కొంచెం తొయ్యి."

"ఎంత?"

"గడప దాటేదాకా."

తోశాడు. చక్రాలు లోపలి నేల మీద ఆనగానే చేతులు తీసేశాడు. నేను మాటలు వినిపిస్తున్న వైపు కుర్చీ తిప్పుకున్నాను.